డికాక్షన్ దిగడానికి అంత సేపెందుకు?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పీబెర్రీ, ప్లాంటేషన్ అనే కాఫీ గింజల రకాలు ఇంతింత, కాఫీలో కలిపే చికోరీ ఇంత అని పాళ్ళు చెప్పి కాఫీపొడి పట్టించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పొడి మీద ఇంత పట్టింపు ఉన్న మనం, దాన్ని వేసే ఫిల్టర్ గురించి పెద్దగా ఆలోచించం. రెండు గిన్నెలు, పై గిన్నెకు చిల్లుల అడుగు, కాడ ఉన్న ఒక బిళ్ళ, మూత. అంతే. కరెంటు అక్కరలేదు, చెడిపోయే భాగమూ లేదు. ఐరోపా నూట యాభై ఏళ్ళు కుస్తీ పట్టిన ఒక సమస్యకు ఇంత తేలికైన పరిష్కారం మరొకటి లేదని నా నమ్మకం.

ఆ సమస్య ఏమిటంటే, వేయించిన కాఫీ గింజ బరువులో నీళ్ళలో కరిగేది సుమారు 30 శాతం. అదంతా మనకు పనికిరాదు. వేడి నీళ్ళు తగలగానే ముందు పులుపు, సువాసన దిగుతాయి. ఆ తర్వాత తీపి, చివరికి చేదు, వగరు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం కరిగిన దగ్గర ఆపితే రుచి కుదురుతుందని 1950లలో అమెరికాలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. కాఫీ పాత్రల చరిత్రంతా సరిగ్గా అక్కడ ఆపడానికి పడిన పాట్లే.

తురుష్కులు పొడిని నీళ్ళలోనే కాచి, మడ్డితో సహా వడ్డించారు. 1800 ప్రాంతంలో పారిస్‌లో చిల్లుల పళ్ళెం మీద పొడి వేసి, పైనుంచి నీళ్ళు పోసే రెండంతస్తుల పాత్ర వాడుకలోకి వచ్చింది. దాన్ని అక్కడి ఆర్చిబిషప్ దె బెల్వా పేరుతో పిలిచేవారు. మన ఫిల్టర్ పోలిక అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని పరిశీలించి, ఉష్ణం ఒక ద్రవం కాదని వాదించిన కౌంట్ రంఫోర్డ్ కూడా కాఫీని వదల్లేదు. 1812లో దాని మీద ఏకంగా ఒక వ్యాసం రాశాడు. పొడిని సమంగా అణచాలని, కాఫీని మరగనివ్వకూడదని అందులో గట్టిగా చెప్పాడు. మన ఇళ్ళలో పొడి మీద బిళ్ళ పెట్టి నొక్కేదీ, డికాక్షన్‌ను మరిగించవద్దని పెద్దవాళ్ళు చెప్పేదీ అదే. మరిగితే సువాసన ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుంది.

నీళ్ళు పొడిలోంచి ఎంత వేగంగా దిగుతాయన్న లెక్క కాఫీ వల్ల తేలలేదు. ఫ్రాన్స్‌లోని దిజాన్ నగరానికి మంచినీళ్ళు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గొట్టాల్లో నీళ్ళు పారించి, 1856లో ఆ సూత్రాన్ని ప్రకటించాడు. పైన నిలిచిన నీటి ఎత్తు పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, పొర మందం పెరిగితే తగ్గుతుంది. రేణువు పరిమాణం ప్రభావం ఇంకా ఎక్కువ: అది సగమైతే వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పొడి మరీ మెత్తగా పట్టించినా, బిళ్ళతో గట్టిగా అదిమినా డికాక్షన్ చుక్క కూడా దిగనని మొరాయిస్తుంది.

ఇటలీ వేరే దారి పట్టింది. ట్యూరిన్‌లో ఏంజెలో మొరియాండో 1884లో, మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో ఆవిరి యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నారు. ఆవిరి వేడికి కాఫీ మాడు రుచి వచ్చేది. అకిల్లె గాజియా 1940లలో మీట, స్ప్రింగుతో 9 బార్ల దాకా ఒత్తిడి తెచ్చాక అసలైన ఎస్ప్రెసో పుట్టింది. 9 బార్లంటే 90 మీటర్ల లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి! మన ఫిల్టర్‌లో పొడి మీద నిలిచే నీళ్ళు పది సెంటీమీటర్లు అనుకుంటే, అది తొమ్మిది వందల రెట్లు తక్కువ. ఎస్ప్రెసో అర నిమిషంలో ఒత్తిడితో చేసే పనిని, ఫిల్టర్ ఎక్కువ పొడి, తక్కువ నీళ్ళు, బోలెడంత సమయంతో చేస్తుంది. రెండింటి ఫలితమూ పాలు తట్టుకోగల చిక్కని కషాయమే. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ తన కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితంతో చేసిన వడపోత గొప్ప ఆలోచనే. కానీ ఆ పలుచని కాఫీలో మన చిక్కటి పాలు పోస్తే పాల రుచే మిగులుతుంది.

పాలు కలపడం కాఫీని పాడుచేయడమని కొందరంటారు. నేను ఒప్పుకోను. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్, కాఫీలో వగరుకు కారణమైన పాలీఫినాళ్ళను పట్టుకుని నాలుకకు తగలకుండా చేస్తుంది. డికాక్షన్ ఎంత ఘాటుగా ఉంటే పాలు అంత అవసరం.

ఇక చికోరీ. నెపోలియన్ 1806లో విధించిన వాణిజ్య దిగ్బంధంతో కాఫీ దొరక్క, ఐరోపాలో దాని వాడకం బాగా పెరిగింది. అది వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు. కాఫీ కంటే చాలా ఎక్కువగా కరుగుతుంది కాబట్టి రంగు, చిక్కదనం ఇస్తుంది. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. పొట్లం మీద ఆ పాళ్ళు ముద్రించి ఉంటాయి, చూసి కొనండి. చికోరీ మరీ ఎక్కువైతే డికాక్షన్ నల్లగా నిగనిగలాడుతుంది కానీ, కాఫీ వాసన వెనక్కి తగ్గుతుంది.

రెండో డికాక్షన్ పేలవంగా ఉండటానికి కారణం కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. సువాసన, పులుపు, తీపి మొదటి నీళ్ళతోనే దిగిపోయాయి. మళ్ళీ పోసిన నీళ్ళకు దొరికేది ఎక్కువగా ఆ చివరి చేదే. దాన్ని విడిగా కాఫీకి వాడకుండా, మొదటి డికాక్షన్‌లో కొద్దిగా కలుపుకుంటే పరవాలేదు.