పడుకున్నాక పారేస్తే మర్చిపోతారా? బొమ్మల గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. "మా బాబు పడుకున్నాక వాడి బొమ్మలతో రెండు సంచులు నింపేశానండీ. తెల్లారేలోపు పంపించేస్తాను. వాడికేం గుర్తుంటుంది, కదా?" ఇళ్లు సర్దిపెట్టడం నా పని. ఈ ప్రశ్న లేని నెల లేదు.

అపోహ: నిద్రపోయాక తీసేస్తే గోల ఉండదు.

వాస్తవం: కొన్నింటిని మర్చిపోతారు, నిజమే. ఏవి మర్చిపోతారో మనకు తెలియదు, అదే చిక్కు. చక్రం ఊడిన కారు మనకు చెత్త. వాడికి అది రిపేరుకొచ్చిన బండి, దాన్ని బాగుచేయడమే ఆట. ఒక్కసారి సంగతి బయటపడిందా, ఇక చాక్లెట్ కాగితం కూడా వదలరు.

ఊళ్లోవాళ్లకు చెప్పే నేనే ఈ తప్పు చేశాను. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, చెవి తెగిన గుడ్డ కుందేలుని చడీచప్పుడు లేకుండా పారేశాను. మూడు వారాలు అడగలేదు. నాలుగో వారం జ్వరమొచ్చింది. అర్ధరాత్రి లేచి "నా కుందేలేదీ?" అన్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు స్కూలుకెళ్లే ముందు బొమ్మలు లెక్కపెట్టుకునేవాడు. అమ్మ పక్కన లేనప్పుడు ధైర్యమిచ్చే ఇలాంటి వస్తువుల గురించి పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1951లోనే చెప్పాడు. నేను వినలేదు, అంతే.

కాబట్టి పారేయకండి, పెట్టెలో పెట్టి తేదీ రాయండి. పెట్టె ఎక్కడుందో వాడికి తెలియాలి. రెండు నెలలు అడగకపోతే వాడి ముందే తెరవండి. "ఏది వద్దు?" అంటే "అన్నీ కావాలి" అంటాడు. "ఏ ఐదు ఉంచుకుంటావు?" అనండి. ఇప్పటికే పారేసిన తల్లులూ, బెంగపడకండి. అడిగితే నిజం చెప్పి, "తప్పయింది నాన్నా" అనండి.

అపోహ: ఎన్ని బొమ్మలుంటే అంత తెలివి.

వాస్తవం: అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం 36 మంది పసివాళ్లను గమనించి 2018లో ప్రచురించింది. 16 బొమ్మలు ముందున్నప్పటికంటే నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మిగతా పన్నెండూ పెట్టెలో ఉంటే నష్టమేం లేదు.

అపోహ: పాత బొమ్మలు ఎవరికిచ్చినా పుణ్యమే.

వాస్తవం: చూసి ఇవ్వండి. మూడేళ్లలోపు పిల్లలకైతే సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే ముక్కలున్నవి వద్దు. బటన్ బ్యాటరీలు తీసేయండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. పెచ్చులూడే పాత రంగులో సీసం ఉండొచ్చు, అలాంటి బొమ్మ ఎవరికీ ఇవ్వకండి.

అపోహ: పాత బొమ్మలకు కొత్త ఉపయోగమంటే జిగురు, కత్తెర, రంగులు.

వాస్తవం: చాలావాటికి అవేవీ అక్కర్లేదు. ఒకదానిలో ఒకటి పట్టే ప్లాస్టిక్ కప్పులు ఇసుకాటలో కొలతపాత్రలవుతాయి. ముక్కలు పోయిన బోర్డు ఆటలోని పాచిక, గవ్వలతో అట్టమీద కొత్త ఆట గీసుకోవచ్చు. కాస్త రంగు ఉంటే, బొమ్మ కారు చక్రాలు అందులో ముంచి కాగితం మీద దొర్లిస్తే అదో గంట కాలక్షేపం. చిరిగిన టెడ్డీలోని దూది ఉతికి ఆరబెడితే దిండులోకి పనికొస్తుంది. ప్లాస్టిక్ డైనోసార్‌కి వీపు కోసి పూలకుండీ చేస్తామంటారా, ఈ ఆదివారమే చేయండి. "ఎప్పుడో చేద్దాం" అని కట్టిన సంచీ చెత్తకిందే లెక్క. మా అటక మీద నాలుగేళ్లుగా ఒకటుంది. నా దగ్గర పని చేయించుకునేవాళ్లకు మాత్రం చెప్పకండి.