పాత బుల్లెట్ 160 దాటాలంటే

పాత బుల్లెట్ 350 ఇంజిన్ ఇచ్చేది 18 హార్స్‌పవర్. గేర్‌బాక్సు, చైను వాటి వాటా అవి తినేశాక వెనక చక్రానికి అందేది సుమారు 15. ఆ 15తో నిటారుగా కూర్చుని నడిపితే బండి గంటకు 110, మహా అయితే 115 కిలోమీటర్ల దగ్గర మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ చివరికంటా తిప్పి పట్టుకున్నా ముల్లు కదలదు. బండి బరువే దానికి కారణమనుకుంటారు చాలామంది. అడ్డుపడేది గాలి.

ల్యాండ్ స్పీడ్ రేసింగ్‌లో, అంటే బండి అందుకునే గరిష్ఠ వేగాన్నే కొలిచే పందెంలో, మలుపులుండవు, పక్కన పోటీ బండి కూడా ఉండదు. ఉప్పు మైదానమో, ఎండిన సరస్సో, వాడుకలో లేని రన్‌వేనో, ఏదో ఒక తిన్నని దారి. పోటీ అంతా గాలితోనే. ఈ గాలి లెక్క కాస్త కఠినమైనది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని నెట్టుకుపోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. మన బుల్లెట్ మీద నిటారుగా కూర్చుని 160 అందుకోవాలంటే గాలి ఒక్కదానికే వెనక చక్రం దగ్గర 41 హార్స్‌పవర్ దాకా పోయాలి. 346 సీసీల పాత ఇంజిన్ నుంచి అంత రాబట్టడం దాదాపు అసాధ్యం.

అదే మనిషి ట్యాంకు మీద బోర్లా పడుకుని, గడ్డం ట్యాంకుకి ఆనించి, మోచేతులు లోపలికి ముడుచుకుంటే? గాలికి ఎదురయ్యే అడ్డం దాదాపు సగానికి దగ్గరగా తగ్గుతుంది. 41 కాస్తా 24 అవుతుంది. టైర్ల రాపిడికి ఇంకో 3 రెండు లెక్కల్లోనూ కలుపుకోవాలనుకోండి. స్క్రూ ఒక్కటి కూడా తిప్పకుండా 17 హార్స్‌పవర్ మిగిలినట్టే. 1948లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో రోలీ ఫ్రీ అనే ఆయన విన్సెంట్ బండి మీద ఈత నిక్కరు వేసుకుని, కాళ్లు వెనక్కి చాచి, బండి మీద బోర్లా పడుకుని గంటకు 150 మైళ్లు దాటాడు. ఆ ఫొటో చూసి జనం నవ్వుకుంటారు గానీ, ఆయన చేసింది అచ్చంగా ఈ లెక్కే. అంతకుముందు పరుగులో తోలు బట్టలు గాలికి చిరిగిపోయాయని వాటిని విప్పేసి మళ్లీ వెళ్లాడు. (మీరు మాత్రం విప్పకండి. ఇప్పుడు ఏ నిర్వాహకుడూ తోలు సూటు లేకుండా గేటు దాటనివ్వడు.)

బెంగళూరులో జేసీ రోడ్డు, కలాసిపాళ్యం సందుల్లో పాత బళ్లు బాగుచేసే షెడ్ల దగ్గర తెలుగు వినబడటం కొత్తేమీ కాదు. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక మెకానిక్ దగ్గరికి ఓ కుర్రాడు బుల్లెట్ తోలుకొచ్చి, పెద్ద పిస్టన్ వేయాలి, కార్బరేటర్ మార్చాలి అని జాబితా చదివాడు. ఆయన అంతా విని, "అవన్నీ తర్వాత చూస్తాం గానీ, ముందు ఆ ట్యాంకు మీద పడుకుని చూపీప్పా" అన్నాడు. కుర్రాడి పొట్ట అడ్డొచ్చింది. షెడ్డంతా నవ్వింది గానీ మెకానిక్ నవ్వలేదు. హ్యాండిల్ ఎంత కిందికి దించాలో, ఫుట్‌రెస్టులు ఎంత వెనక్కి జరపాలో ఆ కొలతతోనే తేలుతుంది మరి. హెడ్‌లైటు, అద్దాలు, ముందు మడ్‌గార్డు, క్రాష్‌గార్డు, ఇవన్నీ ఊడదీయడం ఆ తర్వాతి పని.

ఇంజిన్ సంగతికి వస్తే అక్కడా కథ గాలిదే. బయట బండిని ఆపే గాలినే ఇంజిన్ లోపలికి పీల్చుకుని బతుకుతుంది. మన దేశపు బుల్లెట్ తయారైంది చెన్నై తిరువొత్తియూరులో, సముద్రం పక్కన. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మామూలు వాతావరణంలో చెన్నై గాలి ఘనపు మీటరుకి 1.15 కిలోలు తూగితే బెంగళూరు గాలి 1.06 దగ్గర ఉంటుంది. అంటే 8 శాతం పల్చన. ఇంజిన్‌కి అందే ఆక్సిజన్ కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది, దానితోపాటు శక్తీ తగ్గుతుంది. అయితే చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఉక్కపోత రోజున నీటి ఆవిరి ఆక్రమించే చోటు వల్ల అక్కడా 3 శాతం పైచిలుకు ఆక్సిజన్ పోతుంది. చెన్నైవాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. బెంగళూరులో ఇంజిన్ శక్తి 8 శాతం తగ్గినట్టే, బండికి ఎదురొచ్చే గాలి నిరోధమూ 8 శాతం తగ్గుతుంది. పోయింది, వచ్చింది ఒకటికొకటి చెల్లు. కాబట్టి గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్ సరిగ్గా సర్దితే గరిష్ఠ వేగం రెండు ఊళ్లలోనూ దాదాపు ఒకటే. బోన్‌విల్ 1,280 మీటర్ల ఎత్తున ఉన్నా అక్కడ రికార్డులు పడుతున్నాయంటే ఇదీ ఒక కారణం. టర్బో బిగించిన బళ్లకైతే ఇంకా మేలు. పల్చటి గాలినే లోపలికి దట్టంగా కుక్కుకుంటాయి, బయట మాత్రం తక్కువ నిరోధం ఎదుర్కొంటాయి.

'కార్బరేటర్ సరిగ్గా సర్దితే' అన్నమాటలోనే అసలు పని ఉంది. గాలి సాంద్రత 8 శాతం తగ్గితే కార్బరేటర్ లాగే పెట్రోలు 4 శాతమే తగ్గుతుంది. అది ఆ పరికరం స్వభావం. దాంతో మిశ్రమం చిక్కబడుతుంది. పొయ్యిలో కట్టెలు కుక్కి గాలి ఆడనివ్వకపోతే మంట తగ్గి పొగ వచ్చినట్టు ఇంజిన్ మందగించి నల్లగా వదులుతుంది. చిన్న జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) వేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక పాలు మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే అదే జెట్‌తో మిశ్రమం 8 శాతం పల్చబడుతుంది. ఎత్తు 4 శాతం చిక్కగా చేస్తే ఇథనాల్ 8 శాతం పల్చగా చేస్తుంది. 'బెంగళూరు కదా, జెట్ తగ్గించు' అన్న పాత సలహా పాటించినవాడి పిస్టన్‌కి బొక్క పడటానికి ఈ తీసివేత చాలు. సిటీలో తిరిగే బండి ఇంత పల్చదనాన్ని ఎలాగోలా భరిస్తుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద అర నిమిషం పైగా ఏకబిగిన పరిగెత్తే ఇంజిన్ భరించదు. పైగా పాత కార్బరేటర్లలోని రబ్బరు వాషర్లు, పైపులు ఇథనాల్‌కి ఉబ్బిపోతాయి, పగిలిపోతాయి. ముందు అవి మార్చుకోవాలి.

మిశ్రమం సరిపోయిందో లేదో చెప్పేది నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు. దానికో పద్ధతుంది. కొత్త ప్లగ్గు వేసి, పూర్తి యాక్సిలరేటర్ మీద టాప్ గేర్లో పరిగెత్తించి, ఆ వేగంలోనే ఒక్కసారిగా ఇగ్నిషన్ కట్ చేసి, క్లచ్ పట్టేసి, బండిని దొర్లుకుంటూ ఆగనివ్వాలి. ఇంజిన్‌ని ఐడిల్లో నడవనిచ్చామా, రంగు మారిపోయి సాక్ష్యం పోతుంది. ఇప్పటి పెట్రోలుతో పైపై రంగు చూస్తే ఏమీ తెలియదు. ప్లగ్గు తెల్లటి పింగాణీ చుట్టూ లోపలికి, ఇనుప గోడ అడుగున, భూతద్దం పెట్టి చూస్తే సన్నటి బూడిద రంగు వలయం కనబడుతుంది. ఆ వలయం ఉంటే మంచిదే. మసితో వెడల్పుగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. అసలు లేకుండా పింగాణీ మల్లెపువ్వులా తెల్లగా ఉండి, దాని మీద మిలమిలలాడే అల్యూమినియం చుక్కలు కనబడితే బండి అక్కడే ఆపేయాలి. ఆ చుక్కలు పిస్టన్‌వే.

ఆ చుక్కలకు పల్చటి మిశ్రమం ఎంత కారణమో ఇగ్నిషన్ టైమింగ్ కూడా అంతే. పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పడాలి, ఎందుకంటే మంట వ్యాపించడానికి సమయం పడుతుంది. మరీ ముందు పడితే ఇంకా మండని మూల మిశ్రమం ఒత్తిడికి తనంతట తానే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. పాత మెకానిక్కులు ఈ టైమింగ్‌ని సిగరెట్ కాగితంతో పట్టుకుంటారు. సీబీ పాయింట్ల (విడిపోయినప్పుడు రవ్వ పుట్టించే రెండు లోహపు ముక్కల) మధ్య కాగితం ముక్క పెట్టి, ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, కాగితాన్ని సుతారంగా లాగుతూ ఉంటారు. అది ఏ క్షణాన జారి చేతిలోకి వస్తుందో అప్పుడే పాయింట్లు విడిపోయినట్టు, అంటే రవ్వ పడినట్టు. ఆ క్షణానికి పిస్టన్ పై అంచుకి ఇంకా ఎంత దూరంలో ఉందో ప్లగ్గు రంధ్రంలోంచి దించిన, గీతలు గీసిన సైకిల్ స్పోకు చెబుతుంది. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) ఉన్న ఈ ఇంజిన్లో 30 డిగ్రీల ముందు అంటే పిస్టన్ 7 మిల్లీమీటర్ల పైచిలుకు కింద ఉన్నట్టు. అక్కడ అర మిల్లీమీటరు తేడా వస్తే ఒక డిగ్రీ తప్పినట్టే. సైకిల్ స్పోకుతో ఇంత కచ్చితం ఎలా వస్తుందని నాకు అనుమానం ఉండేది. డయల్ గేజ్‌తో సరిచూస్తే మంచి చేతి పనికి, గేజ్‌కి పెద్ద తేడా రాదు. అయినా ఈ పందేనికి గేజ్ వాడటమే నయమని నా అభిప్రాయం.

హెడ్ కోయించి కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతామన్న నిష్పత్తి) పెంచడం మీద అందరికీ మోజు ఎక్కువ. 6.5 ఉన్న నిష్పత్తిని 8.5 చేస్తే సిద్ధాంతం ప్రకారం శక్తి 9 శాతం పెరుగుతుంది. వేగం శక్తికి ఘనమూలంగా పెరుగుతుంది కాబట్టి ఆ 9 శాతం వేగంలోకి వచ్చేసరికి 3 శాతమే. ట్యాంకు మీద పడుకుంటే వచ్చేది దాదాపు 20 శాతం. అందుకే ఆ హిందూపురం ఆయన నవ్వలేదు.

ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెంచడం ఇంకో దారి. అది ఖరీదైన దారి. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 350 గ్రాములనుకుందాం. 5,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైకెళ్లి మళ్లీ కిందికి తిరిగే ఆ క్షణంలో కనెక్టింగ్ రాడ్డు మీద పడే లాగుడు 550 కిలోల బరువుతో సమానం. 6,500 దగ్గర అది 930 కిలోలు. ఆర్‌పీఎం 30 శాతమే పెరిగింది, లాగుడు 70 శాతం పెరిగింది. పాత బుల్లెట్లలో రాడ్డు కింది తలకాయలో ఉండే ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) దీనికి పనికిరాదు. అది తీసేసి రోలర్ బేరింగ్ వేయించుకున్నాకే ఇంకేదైనా. న్యూజీలాండ్‌కి చెందిన బర్ట్ మన్రో తన 1920 నాటి ఇండియన్ స్కౌట్ కోసం పిస్టన్లు స్వయంగా పోతపోసుకున్నాడు, రాడ్లు చెక్కుకున్నాడు. పగిలినవన్నీ అల్మారాలో పేర్చి, 'వేగదేవుడికి నైవేద్యాలు' అని రాసి పెట్టుకున్నాడు. 1967లో 68 ఏళ్ల వయసులో బోన్‌విల్‌లో ఆయన నెలకొల్పిన రికార్డు, తర్వాత లెక్క సరిచేస్తే, గంటకు 184.087 మైళ్లు. ఆ బండి కొత్తలో పోయింది 55 మైళ్లు.

గేరింగ్ దగ్గర చాలామంది పొరబడతారు. ముందు స్ప్రాకెట్‌కి రెండు పళ్లు పెంచితే వేగం దానంతటదే పెరగదు. ఇంజిన్ గరిష్ఠ శక్తినిచ్చే ఆర్‌పీఎంని అందుకోలేక కిందే ఆగిపోతే ఉన్న వేగమూ పోతుంది. 160 దగ్గర 19 అంగుళాల చక్రం నిమిషానికి సుమారు 1,300 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ గరిష్ఠ శక్తి 6,500 దగ్గర ఉంటే ఇంజిన్ ఐదు చుట్లకి చక్రం ఒక చుట్టు తిరిగేలా పళ్లు లెక్క కట్టుకోవాలి. ఉప్పు మీదయితే చక్రం జారుతుంది కాబట్టి దానికీ కొంత వదలాలి.

ఇక టైర్ల దగ్గర కక్కుర్తి పడకూడదు. టైరు పక్కన ఉండే పి అక్షరానికి 150, ఎస్‌కి 180, హెచ్‌కి 210 కిలోమీటర్ల హద్దు. నాలుగంకెల ముద్రలో మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. 160 వేగంలో టైరు అంచున 10 గ్రాముల రబ్బరు ముక్క 6 కిలోల బలంతో బయటికి లాగుతుంది. గాలి నింపే వాల్వుకి ప్లాస్టిక్ మూత బదులు లోహపు మూత తప్పనిసరి అనడం ఇందుకే. అంత బలానికి లోపలి వాల్వు పిన్ను లేచి గాలి వదిలేయొచ్చు.

ఎఫ్ఐఎమ్ (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) రికార్డుకి రెండు గంటల్లోపు అటూ ఇటూ రెండు పరుగులు పెట్టాలి, సగటే లెక్క. గాలి వెనకనుంచి గంటకు 10 కిలోమీటర్లు తోస్తే 160 బండి 166 పైన పోతుంది, తిరుగు పరుగులో 153కి పడిపోతుంది. సగటు మళ్లీ 160 దగ్గరికే వస్తుంది.

మన దగ్గర చిక్కల్లా చోటు. చెన్నై దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. తర్వాత వచ్చిన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మలుపులన్నీ కలుపుకుంటే 3.7 కిలోమీటర్లు. మన బుల్లెట్‌కి 140 నుంచి 159కి చేరడానికే కిలోమీటరు పైన కావాలి, చివరి వేగం అంత నత్తనడక. ఆ తర్వాత కొలత కోసం ఇంకో కిలోమీటరు, 22.5 సెకన్లు. అంటే మూడు నాలుగు కిలోమీటర్ల తిన్నని దారి ఉండాలి. బెంగళూరు నైస్ రోడ్డు, చెన్నై ఈసీఆర్ ఖాళీగా కనబడినా అవి ట్రాఫిక్ రోడ్లు. ఆ ఆలోచన కూడా వద్దు. మూసివేసిన రన్‌వే, అనుమతి, పక్కన అంబులెన్స్, ఈ మూడూ ఉన్న చోటే బండి స్టార్ట్ చేయాలి.

ఆగడానికీ దూరం వదలాలి. పాత డ్రమ్ బ్రేకుల్ని 160 దగ్గర గట్టిగా పడితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కాబట్టి ముందు యాక్సిలరేటర్ తగ్గించి, తర్వాత మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచి కూర్చోవాలి. నిటారుగా కూర్చుంటే మనిషినీ బండినీ కలిపి గాలి 70 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. ఒక్కసారిగా లేస్తే ఆ తోపుకి చేతులు హ్యాండిల్‌ని లాగేసి బండి వణుకుతుంది. వేగం 100 లోపుకి దిగాకే బ్రేకు జోలికి వెళ్లాలి.