చుక్కకు ఇంటిపేరు

కంప్యూటర్ కొత్తగా నేర్చుకునే పిల్లలు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాంలో ఒక వృత్తం గీసి, దాని మీదుగా ఒక గీత లాగాక, ఆ వృత్తాన్ని ఒక్కదాన్నే పట్టుకుని పక్కకు జరపడం ఎందుకు కుదరదు? అలాంటిదే ఇంకో ప్రోగ్రాం కోరల్‌డ్రాలో అయితే ఎలా కుదురుతుంది? "అది బిట్‌మ్యాప్, ఇది వెక్టర్" అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోతారు. చుక్కలుగా దాచిన బొమ్మ బిట్‌మ్యాప్, గీతలూ వృత్తాలుగా దాచినది వెక్టర్. కానీ రెండు పేర్లు చెప్పినంత మాత్రాన అది జవాబు కాదు. అసలు జవాబు దొరికే చోటు స్కెచ్‌ప్యాడ్. 1963 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి ఐవాన్ సదర్లాండ్ సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధన అది. పర్యవేక్షించినది సమాచార సిద్ధాంతాన్ని స్థాపించిన క్లాడ్ షానన్. తెర మీద బొమ్మ గీసి, దిద్ది, చెరిపి, నకళ్ళు తీసుకునే వీలు ఆ ప్రోగ్రాంలో ఉంది. మౌస్ ఇంకా పుట్టలేదు.

అది నడిచిన యంత్రం పేరు టీఎక్స్-2. మసాచుసెట్స్‌లోని లింకన్ లేబొరేటరీలో ఉండేది. దాని గురించి మనకు కావలసిన అంకెలు కొన్నే. మెమరీలో ఒక్కో గడిని పదం అంటారు, అది 36 బిట్లు (బిట్ అంటే ఒక 0 లేదా 1). పెద్ద మెమరీలో పదాలు 65,536. తెర మీద బొమ్మకు దొరికే జాగా 7 అంగుళాల చదరం, అందులో అడ్డంగా 1024 స్థానాలు, నిలువుగా 1024 స్థానాలు. సెకనుకు వెలిగించగలిగిన చుక్కలు ఎక్కువలో ఎక్కువ సుమారు లక్ష.

మన ఫోన్ తెరకు ఉన్నట్టుగా ఆ తెరకు వెనకాల ప్రతి స్థానానికీ ఒక రంగును దాచిపెట్టే మెమరీ లేదు. వెలిగించిన చుక్క వెంటనే ఆరిపోతుంది, కాబట్టి మళ్ళీ మళ్ళీ వెలిగిస్తూనే ఉండాలి. అందుకని బొమ్మలోని చుక్కలన్నిటినీ ఒక పెద్ద పట్టికలో రాసిపెట్టి, ఆ పట్టికను మొదటి నుంచి చివరికి చదువుతూ ఒక్కో చుక్కనూ వెలిగిస్తారు. పట్టిక అయిపోగానే మళ్ళీ మొదటికి. లెక్క కట్టి చూడండి. తెర ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రతి స్థానంలోనూ చుక్క పెడుతూ పది గీతలు గీస్తే సుమారు పదివేల చుక్కలు. ఒక చుట్టు తిరగడానికి సెకనులో పదోవంతు పడుతుంది. సెకనుకు పది చుట్లు మాత్రమే అంటే బొమ్మ కళ్ళు నొప్పి పుట్టేలా మిణుకుమంటుంది. దీనికి విరుగుడుగా చుక్కలను వరుసగా కాకుండా కలగాపులగంగా వెలిగించేవారు. అప్పుడు గీత మొత్తం ఒక్కసారిగా ఆరి వెలగదు, బొమ్మంతా సన్నగా మెరుస్తున్నట్టు ఉంటుంది.

ఇక అసలు సంగతి ఆ పట్టికలోని ఒక్కో పదంలో ఉంది. చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పడానికి అడ్డానికి 10 బిట్లు, నిలువుకు 10 బిట్లు, మొత్తం 20 చాలు. పదం పొడవు 36. మిగిలిన 16 బిట్లలో సదర్లాండ్ ఆ చుక్కకు ఇంటిపేరు రాశాడు. ఈ చుక్క ఏ గీతకు చెందింది, ఏ వృత్తానికి చెందింది, మెమరీలో ఆ గీత వివరాలు ఉన్న చిరునామా ఏది, అదంతా ఆ 16 బిట్లే చెబుతాయి. 16 బిట్లతో రాయగలిగిన చిరునామాలు సరిగ్గా 65,536. అంటే మెమరీలో ఏ మూల ఇల్లు ఉన్నా చుక్కకు దాని దారి తెలుసు.

ఈ ఇంటిపేరు ఎందుకు అవసరమో తెలియాలంటే, తెరకు ఆనించి గీయడానికి వాడిన లైట్ పెన్ చూడాలి. పేరును బట్టి అది తెర మీద వెలుగుతో రాస్తుందనే నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది. అది రాయదు, చూస్తుంది. లోపల ఉన్నది వెలుగును పసిగట్టే ఒక ఫోటోడయోడ్, దాని సంకేతాన్ని పెంచే ఒక ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్. పెన్ను పట్టుకున్న చోట చుక్క వెలిగితే "వెలుగు కనిపించింది" అని ఒక సంకేతం పంపుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు, తాను తెర మీద ఎక్కడుందో కూడా తెలియదు. అయితే ఆ క్షణంలో ఏ చుక్కను వెలిగిస్తున్నదీ కంప్యూటర్‌కు తెలుసు. లక్ష చుక్కలు ఒకదాని తర్వాత ఒకటిగా వెలుగుతున్నప్పుడు పెన్ను ఎప్పుడు పలికిందో తెలిస్తే ఎక్కడుందో తెలిసినట్టే. అప్పుడు ఆ చుక్క పదం తీసి, 16 బిట్లు చదివి, నేరుగా ఆ గీత ఇంటికి వెళ్ళడమే. వెతుకులాట లేదు, ఏ గీత దగ్గరగా ఉందో తేల్చే లెక్కలు లేవు. ఒక బొమ్మకు నకలు పెడితే ఆ నకలులోని చుక్కలన్నిటికీ ఒకటే ఇంటిపేరు, కాబట్టి అందులో ఏ చుక్క తాకినా నకలు మొత్తం చేతికి వస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేసిన ఉపాయం కంప్యూటర్ల చరిత్రలో అరుదు.

చూసే పెన్నుతో ఒక చిక్కు ఉంది. తెర ఖాళీగా ఉంటే దానికి కనిపించడానికి ఏమీ ఉండదు. అందుకే బొమ్మ ఏదీ లేనప్పుడు తెర మీద 'ఇంక్' అనే మాట ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. పెన్నును దానికి ఆనిస్తే, సిరాలో ముంచినట్టు, పెన్ను కింద ఒక చిన్న కూడిక గుర్తు పుట్టి దాన్ని వెంబడిస్తుంది. గుర్తులోని చుక్కల్లో పెన్నుకు ఏవి కనిపించాయో చూసి, ఆ మేరకు గుర్తును పెన్ను మధ్యకు జరపడం, మళ్ళీ చూడడం, మళ్ళీ జరపడం. పెన్నును చటుక్కున విదిలిస్తే గుర్తు అందుకోలేక వెనకబడిపోతుంది. ఆ లోపాన్నే సదర్లాండ్ ఆజ్ఞగా వాడుకున్నాడు. విదిలించావంటే గీయడం అయిపోయిందన్నమాట. ఎడమచేతి పక్కన మీటలు. 'గీయి' నొక్కితే గీత మొదలై, పెన్ను ఎటు కదిలితే అటు రబ్బరుదారంలా సాగుతుంది. తెర కింది నాబ్‌లు తిప్పి బొమ్మను 2000 రెట్ల దాకా పెద్దది చేయవచ్చు. అంటే పావు మైలు పొడవూ వెడల్పూ ఉన్న కాగితంలో ఒక 7 అంగుళాల ముక్కను చూస్తూ పనిచేసినట్టు.

చెయ్యి వణుకుతుంది కనుక పెన్నుకు గీత దగ్గరైతే చాలు, గీయబోయే బిందువు సరిగ్గా ఆ గీత మీదికే పోయి కూర్చుంటుంది. రెండు గీతలు ఒకేసారి కనిపిస్తే వాటి ఖండన బిందువు మీద కూర్చుంటుంది. ఇలా కలిసినది కంటికి కలిసినట్టు కనిపించడమే కాదు, మెమరీలోనూ కలుస్తుంది. ఒక బిందువుకు చెందిన గీతలన్నీ గొలుసుకట్టుగా వలయంలో ముడిపడి ఉంటాయి. బిందువును చెరిపితే ఆ గొలుసు పట్టుకుని వెళ్ళి గీతలనూ చెరుపుతుంది, చివర లేని గీత ఉండదు కదా. గీతను చెరిపితే మాత్రం బిందువులు అలాగే ఉంటాయి.

సమషడ్భుజిని బడిలో ఎలా గీయిస్తారు? వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో చుట్టూ ఆరు చాపాలు కోయిస్తారు. స్కెచ్‌ప్యాడ్‌లో ముందుగా వంకరటింకరగా ఏదో ఒక ఆరు భుజాల ఆకారం గీస్తారు. ఆరు మూలలనూ ఒక వృత్తం మీదికి చేర్చి, భుజాలన్నీ సమానం అని షరతు పెడతారు. ఆకారం కళ్ళముందే సర్దుకుని సమషడ్భుజి అవుతుంది. ఆ తర్వాత వృత్తాన్ని చెరిపేయవచ్చు. జ్యామితి చెప్పేవాళ్ళు ఈ పద్ధతి తప్పక చూపించాలి. చాపాలు కోయడం పిల్లలకు కంఠస్థం అవుతుంది కానీ షడ్భుజిని షడ్భుజిగా నిలబెడుతున్నది ఏమిటో ఇక్కడే కనిపిస్తుంది. ఆ ఒక్క షడ్భుజికి నకళ్ళు తీసి, నకళ్ళ గుంపుకు మళ్ళీ నకళ్ళు తీసి 900 షడ్భుజుల అల్లిక చేయడానికి, ఎలా చేయాలో ఆలోచించిన సమయంతో కలిపి అరగంట పట్టింది. కాగితం మీద బొమ్మ గీసే యంత్రమైన ప్లాటర్ మీద గీయడానికి 25 నిమిషాలు. చేత్తో గీయాలంటే రెండు రోజులని అక్కడి డ్రాఫ్టింగ్ విభాగం అంచనా. మూలచిత్రాన్ని దిద్దితే నకళ్ళన్నీ వాటంతట అవే మారతాయి.

షరతులు ఎలా నెరవేరతాయి? ప్రతి రకం షరతుకూ ఒక సబ్‌రొటీన్, అంటే ప్రోగ్రాం లోపలి చిన్న ప్రోగ్రాం, ఉంటుంది. అది చెప్పేది ఒక్కటే, ప్రస్తుతం ఎంత తప్పు ఉందో. ప్రోగ్రాం ఒక బిందువును కొంచెం అటు జరిపి తప్పు ఎంత మారిందో కొలుస్తుంది, కొంచెం ఇటు జరిపి కొలుస్తుంది. ఆ మార్పులను సరళరేఖ సమీకరణాలుగా తీసుకుని, తప్పుల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యే చోటికి బిందువును జరుపుతుంది. తర్వాతి బిందువు. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి బిందువు. దీన్నే రిలాక్సేషన్ అంటారు. నెమ్మదైన పద్ధతి. షరతులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటే ఏ ఒక్కటీ పూర్తిగా నెరవేరకుండా అన్నిటికీ కొంచెం కొంచెం తప్పుతో మధ్యలో ఆగిపోతుంది. అందుకే ముందు ఒక దగ్గరిదారి ప్రయత్నిస్తుంది. తక్కువ షరతులున్న బిందువును చివర్లో సరిచేసుకోవచ్చు కనుక దాన్ని పక్కన పెడుతుంది. దాంతో ఇంకో బిందువుకు షరతులు తగ్గుతాయి, దాన్నీ పక్కన పెడుతుంది. అలా అన్నిటినీ తీసేశాక, వెనక నుంచి ముందుకు ఒక్కొక్కదాన్నీ ఒక్కసారి మాత్రమే సరిచేస్తూ ముగిస్తుంది. షరతులు చక్రంలా చుట్టుకుని ఉంటే ఈ దారి మూసుకుపోతుంది, రిలాక్సేషనే గతి.

పెయింట్ దగ్గరికి వద్దాం. 1973లో జెరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో రిచర్డ్ షౌప్ నిర్మించిన సూపర్‌పెయింట్‌లో 640 అడ్డం, 480 నిలువు పిక్సెళ్ళు (తెర మీది చుక్కలు), ఒక్కోదానికి 8 బిట్లు. ఆ 8 బిట్లూ రంగుకే సరిపోయాయి, ఇంటిపేరుకు చోటు లేదు. కుంచె తాకిన చోట కొత్త రంగు పడుతుంది, పాతది పోతుంది. రంగులద్దడానికి అదే కావాలి, మిణుకు బాధ కూడా లేదు. కానీ వృత్తం మీదుగా గీత పోయాక వృత్తం అనేది ఎక్కడా రాసి లేదు, పక్కపక్కన ఒకే రంగు పిక్సెళ్ళు ఉన్నాయంతే. పోయిన ఇంటిపేరును ఇప్పటి త్రీడీ ఎడిటర్లలో కొన్ని మళ్ళీ తెచ్చుకుంటాయి. కంటికి కనిపించని ఇంకో బొమ్మలో ఒక్కో వస్తువుకు ఒక్కో విడి రంగు పూసి ఉంచుతాయి. మౌస్ నొక్కిన చోట ఆ దాచిన బొమ్మలోని రంగు చదివితే అదే వస్తువు సంఖ్య.

ఫ్లెక్సీ డిజైన్ చేసేవారికి ఇంటిపేరు పోయిన నష్టం బాగా తెలుసు. జేపెగ్‌లో, అంటే పిక్సెళ్ళ బొమ్మగా, తెచ్చిన తెలుగు అక్షరాలను ఆటోట్రేస్ చేస్తే (వాటి అంచుల వెంట ప్రోగ్రాం చేతనే గీతలు గీయిస్తే) అంచులు వస్తాయి కానీ అక్షరాలు రావు. 'క్క' రాసినప్పుడు ఒత్తు పై అక్షరాన్ని తాకి ఉంటే రెండూ ఒకే ముక్కగా అతుక్కుంటాయి. తలకట్టు కొంచెం ఎడంగా ఉంటే వేరే ముక్కగా విడిపోతుంది. అతుక్కున్న చోట నోడ్‌లు (గీతలోని ముడి బిందువులు) తెంచి, విడిపోయిన ముక్కలను గ్రూపు చేసి, ఏది దేనికి చెందిందో చేత్తో మళ్ళీ చెప్పాలి.