ఇండోర్ స్విమ్మింగ్ పూల్ కప్పు ఎందుకు ఉరుస్తుంది: అపోహలు - వాస్తవాలు

పోయిన డిసెంబరులో హన్మకొండలో ఒక ఇండోర్ పూల్ చూడమని పిలిచారు. ఓనర్ ఫోన్‌లో చెప్పింది ఒకటే మాట: "సార్, స్లాబ్ ఉరుస్తోంది, రెండుసార్లు వాటర్ ప్రూఫింగ్ చేయించినా ఆగట్లేదు." కావాలనే పొద్దున ఆరింటికి పోయాను. ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి టార్చి కొడితే స్లాబ్ అడుగంతా సన్నటి చుక్కలు. బీమ్ అంచున అవి ఒకదానితో ఒకటి కలిసి కిందికి జారుతున్నాయి. సీలింగ్‌ను వేలాడదీసే హ్యాంగర్ రాడ్‌ని వేళ్లతో పట్టుకుంటే తుప్పు పొట్టులా రాలింది. వాన పడి నెల దాటింది. ఆ నీళ్లు పైనుంచి వచ్చినవి కావు, కింద పూల్‌లో నుంచి ఆవిరై పైకి పోయినవి.

ఈ పదేళ్లలో నేను చూసిన పాడైన పూల్ బిల్డింగుల్లో ఎక్కువ వాటి కథ ఇదే. అందుకే నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: నీళ్లు కారుతున్నాయంటే స్లాబ్‌లో లీకేజీ ఉన్నట్టే.

వానాకాలంలో ఫ్రిజ్ నుంచి తీసిన బాటిల్‌కు చెమట పడుతుంది కదా, బాటిల్ లీకైనట్టా? ఇక్కడా అంతే. 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 21 డిగ్రీలు ఉన్న దేనికి తగిలినా నీళ్లు వదిలేస్తుంది. గాలి అలా నీళ్లు వదలడం మొదలుపెట్టే ఆ ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. మన దగ్గర బతుకమ్మ పండుగ దాటాక రాత్రుళ్లు చల్లబడతాయి, డిసెంబరు, జనవరిలో వరంగల్‌లోనే 15 డిగ్రీల దాకా దిగుతుంది, ఆదిలాబాద్ వైపు ఇంకా తక్కువ. రేకుల కప్పయితే రాత్రి బయటి గాలి కన్నా కూడా చల్లబడుతుంది, పొద్దున్నే బండి సీటు మీద మంచు పట్టేది అందుకే. వాన పడ్డప్పుడు కారుతోందా, చలి పొద్దున కారుతోందా, ఒక వారం రాసి పెట్టుకోండి. వాటర్ ప్రూఫింగ్‌కు డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క పని చేయండి చాలు.

అపోహ: "వరంగల్‌లో ఎండలే కదా సార్, ఇన్సులేషన్ దండగ."

ఇన్సులేషన్, అంటే వేడీ చలీ దాటకుండా ఆపే పొర, ఎందుకు దండగ కాదో పైన రాసింది చదివితే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం కలుపుతా. ఇన్సులేషన్ స్లాబ్ పైన వేయాలి, అడుగున కాదు. పైన వేస్తే స్లాబ్ హాలు వేడిలోనే ఉంటుంది కాబట్టి చెమట పట్టదు, ఎండకాలం వేడి కూడా ఆగుతుంది.

అపోహ: నాలుగు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి కిటికీలు తీస్తే సరిపోతుంది.

ఫిబ్రవరిలో కొంత పనిచేస్తుంది. ఆగస్టులో 27 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజున మాత్రం, మనం హాల్లో ఉంచాలనుకునే దానికన్నా బయటి గాలిలోనే ఎక్కువ ఆవిరి ఉంటుంది, కిటికీ తీస్తే ఆ తేమని మనమే లోపలికి పిలిచినట్టు.

అపోహ: ఏసీ పెట్టి హాలు చల్లగా ఉంచితే తేమ పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే వినడానికి సరిగ్గానే అనిపిస్తుంది. నీళ్లు 28 డిగ్రీలుంటే గాలి 29, 30 ఉండాలి, అంటే నీళ్ల కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ, తేమ 50 నుంచి 60 శాతం మధ్య. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు ఉన్న పూల్ జనంతో నిండుగా ఉన్నప్పుడు, ఈ లెక్కన నడిపినా గంటకు 50 లీటర్లకు పైగానే నీళ్లు గాలిలో కలుస్తాయి. అదే గాలిని 27 డిగ్రీలకు దించితే, తేమ శాతం అంతే ఉన్నా, ఆవిరి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. పైగా ఈదేవాళ్లు నీళ్లలోంచి బయటికి రాగానే వణుకుతారు. ఇళ్లలో పెట్టే స్ప్లిట్ ఏసీ కాయిల్‌ను ఆ క్లోరిన్ గాలి తినేస్తుంది కూడా. కావాల్సింది పూల్ కోసమే చేసిన డీహ్యూమిడిఫైయర్. అది గాలిని చల్లబరిచి నీళ్లు పిండి, అలా తీసిన వేడిని తిరిగి గాలికో పూల్ నీళ్లకో ఇస్తుంది. ఆ పొడి వెచ్చటి గాలి ముందు కిటికీ అద్దాల మీదుగా, కింది నుంచి పైకి పోయేలా డక్ట్ వేయించండి. చెమట మొదట పట్టేది అద్దాలకే.

"రాత్రి మిషన్ ఆపేస్తే కరెంటు మిగులుతుంది కదా" అని దాదాపు ప్రతి ఓనరూ అడుగుతారు. బిల్లు చూస్తే ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ జనం వెళ్లిపోయినా నీళ్లు ఆవిరవడం తగ్గుతుందే తప్ప ఆగదు, అద్దం, కప్పు బాగా చల్లబడేదీ అప్పుడే. కరెంటు మిగలాలంటే రాత్రి పూల్ మీద కవర్ కప్పండి.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్ వాడాం, ఇక భయం లేదు.

దీని గురించి రాసేటప్పుడు నాకిప్పటికీ గుండె దడగా ఉంటుంది. 1985 మేలో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఇండోర్ పూల్ మీద వేలాడదీసిన కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. ఆ హ్యాంగర్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే. పూల్ గాలిలోని క్లోరిన్ సమ్మేళనాలు లోడ్ మీదున్న స్టీల్‌లో సన్నటి చీలికలు తెస్తాయి, పైకి పెద్దగా తుప్పు కనబడకుండానే ఒకరోజు తెగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం మాత్రమే కాదు, 316 రకం కూడా ఇందుకు లొంగుతుంది. నీళ్లు తగిలి కడుక్కుపోయే నిచ్చెన కన్నా, ఎవరూ తుడవని పై భాగాలకే ప్రమాదం ఎక్కువ. నెత్తి మీద బరువు మోసేచోట ఆరు శాతం దాకా మాలిబ్డినం అనే లోహం కలిపిన ప్రత్యేక రకాలు వాడాలి, లేదా అసలు ఫాల్స్ సీలింగే వద్దు. నేనైతే వద్దనే చెప్తా. దానిపైన గాలి ఆడని చల్లటి ఖాళీ ఒకటి తయారవుతుంది, అక్కడ ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు.

అపోహ: ఘాటు వాసన వస్తే క్లోరిన్ బాగా వేసినట్టు, నీళ్లు శుభ్రం.

ఆ వాసన క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి పుట్టే క్లోరమీన్లది. అది నీళ్ల పైనే పేరుకుంటుంది కాబట్టి గాలి లాగే గ్రిల్స్‌లో కొన్నైనా కింద, నీటి అంచు దగ్గర పెట్టాలి.

ఇక గోడలు. ఆయిల్ పెయింట్ రెండు పూతలు వేస్తే ఆవిరి ఆగుతుందనుకుంటారు. పెయింట్ గోడ మీద ఆవిరిని ఆపినా బీమ్ సందులో, కరెంటు వైర్ల కండ్యూట్ పైపు దూరిన రంధ్రంలో ఆపదు. ఆవిరిని ఆపే పొర హాలు వైపునే, ఎక్కడా తెగకుండా రావాలి. హాల్లోకి పంపే గాలి కన్నా బయటికి లాగే గాలి కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే తేమ తలుపు సందుల్లోంచి పక్కనున్న ఏసీ జిమ్‌లోకి తోసుకుపోయి అక్కడి పుట్టీ ఉబ్బుతుంది.

ఆ హన్మకొండ పూల్‌లో ఫాల్స్ సీలింగ్ మొత్తం పీకేశాం, స్లాబ్ పైన ఇన్సులేషన్ వేశాం, డీహ్యూమిడిఫైయర్ ఇప్పుడు రాత్రంతా నడుస్తోంది. ఈ చలికాలం అద్దాల కింది అంచు పొడిగా ఉంది. ఉత్తరం మూల బీమ్ దగ్గర మాత్రం ఇంకా రెండు మూరల మేర చెమట పడుతోంది. అక్కడ పైన ఇన్సులేషన్ ఎక్కడో తెగి ఉండాలి, వానలు రాకముందే విప్పించి చూస్తాను.