కడుపులోని గుండెకు సత్తువ ఎంత?

వనస్థలిపురంలో మా పక్కింటి కోడలికి అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో గుండె తేడాగా కనిపించింది. ఫీటల్ ఎకో, అంటే కడుపులోని బిడ్డ గుండెకు చేసే ప్రత్యేక స్కాన్, చేయించమన్నారు. రిపోర్టు పట్టుకుని వాళ్ల అత్త వచ్చి అడిగింది: "చిల్లు కనపడ్డది, సరే సారూ. ఆ గుండెకు సత్తువ ఉందో లేదో కడుపుల ఉండంగనే ఎట్ల తెలుస్తది?"

ఎంత మంచి ప్రశ్న! నాలుగు గదుల బొమ్మ గీయడం బళ్లో నేర్పుతాం గానీ, ఆ గదులు ఎంత గట్టిగా పనిచేస్తున్నాయో ఎలా కొలుస్తారన్నది నేర్పం.

పెద్దవాళ్లకైతే గదిలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పోయిందో లెక్క కడతారు. దానికి గోడలు స్పష్టంగా కనపడాలి, గది ఆకారం మామూలుగా ఉండాలి. అయిదో నెల గుండె బొటనవేలి గోరంత. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. బిడ్డేమో కుదురుగా ఉండదు. పైగా పుట్టుకతో వచ్చే జబ్బుల్లో చెడేదే ఆకారం!

అందుకని ఆకారాన్ని వదిలేసి కాలాన్ని కొలుస్తారు. జపాన్ వైద్యుడు చువా తెయి బృందం 1995లో ఇచ్చిన ఈ సూచిక (తెయి ఇండెక్స్) అంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

బోరింగు కొట్టినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పిడి నొక్కగానే నీళ్లు పడవు. కాసేపు వట్టి ఊపు, ఆ తర్వాత ధార, పిడి లేపేటప్పుడు మళ్లీ వట్టి ఊపు. మంచి బోరింగుకు ధార ఎక్కువ, వట్టి ఊపు తక్కువ. పాడైనదానికి చేతి కష్టమంతా వట్టి ఊపుకే పోతుంది. గుండె కూడా అంతే. కండ బిగుసుకుంటుంది, రక్తం వచ్చే కవాటం మూసుకుంటుంది, పోయే కవాటం ఇంకా తెరుచుకోదు. ఒత్తిడి పెరుగుతుందే తప్ప చుక్క కదలదు. తర్వాత ధార. ఆపైన కండ సడలేటప్పుడు మళ్లీ రెండు కవాటాలూ మూసే ఉంటాయి. ఈ రెండు వట్టి కాలాలను కలిపి ధార కాలంతో భాగించాలి. వట్టి కాలాలు 30, 35 మిల్లీసెకన్లు, ధార 170 అనుకుంటే 0.38. ఇది మామూలే. కండ నీరసిస్తే ఒత్తిడి పెంచడానికీ, సడలడానికీ ఎక్కువ సేపు పడుతుంది, ధార కురచవుతుంది. 40, 50, 150 అయితే 0.6!

ఎడమ గదిలో రెండు కవాటాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అవి తెరుచుకునే, మూసుకునే టిక్కులు ఒకే డాప్లర్ గీతలో (రక్తం కదలికను చూపే స్కాన్ గీతలో) దొరుకుతాయి. కుడి గదిలో అవి దూరం దూరం. అక్కడ వేర్వేరు గీతలు తీయాలి, ఈలోగా గుండె వేగం మారితే లెక్క తప్పుతుంది. కవాటం కారుతున్నా తప్పుతుంది. అందుకే ఈ ఒక్క అంకె మీద తీర్పు చెప్పరు. గుండె ఉబ్బిందా, బిడ్డ ఒంటికి నీరు పట్టిందా, కాలేయం దగ్గరి డక్టస్ వీనోసస్ సిరలో రక్తం వెనక్కి తన్నుతోందా అన్నవీ చూస్తారు.

ఆ ఇంట్లో ఇంకో మాట కూడా విన్నాను: కోడలు గ్రహణం నాడు కూరగాయలు తరిగిందట, అందుకే ఇలా అయిందట. గుండె గదులు, గోడలు ఎనిమిదో వారానికల్లా దాదాపు ఏర్పడిపోతాయి. వాళ్లు చెప్పే గ్రహణం నాలుగో నెలలో వచ్చింది. ఆ పిల్లను ఒక్క మాట కూడా అనొద్దని గట్టిగా చెప్పాను.

కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల పని మాయ (ప్లాసెంటా) చూసుకుంటుంది. ఊపిరితిత్తులకు పోయే రక్తాన్ని ఒంటికి మళ్లించే డక్టస్ ఆర్టీరియోసస్ అనే అడ్డదారి తెరిచే ఉంటుంది. అందుకే పెద్ద లోపాలున్నా చాలామంది పిల్లలు లోపల బాగానే ఉంటారు. పుట్టాక ఆ దారి మూసుకుపోతేనే కొందరికి ప్రాణం మీదికొస్తుంది. దాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు పుట్టిన వెంటనే చేతికందాలి. కాన్పు ఏ ఆసుపత్రిలో జరగాలో ఇప్పుడే అడిగి రమ్మని అత్తాకోడళ్లను పంపాను.