27 గేర్ల లెక్క, ముందు ఒక్క రింగు

నా పాత ఎంటీబీ, అంటే మౌంటెన్ సైకిల్, 26 అంగుళాల చక్రాలది, ముందు పెడళ్ళ దగ్గర మూడు చైన్‌రింగులు, వెనక పళ్ళ చక్రాలు తొమ్మిది, అంటే మొత్తం 27 గేర్లు అన్నమాట. ముందు డిరైలర్, అంటే చైన్‌ని ఒక రింగు మీంచి ఇంకో రింగు మీదకి నెట్టే భాగం, తుప్పు పట్టి బిగుసుకుపోయింది, వైజాగ్‌లో సముద్రం పక్కన ఉండే సైకిల్‌కి ఇది మామూలే, ఎంత ఆయిల్ వేసినా వారానికే మళ్ళీ అదే కథ, దాంతో ఒక ఆదివారం విసుగొచ్చి దాన్నీ, దాన్ని కదిపే ఎడమ చేతి షిఫ్టర్‌నీ పీకేసి చైన్‌ని మధ్యలో ఉన్న 32 పళ్ళ రింగు మీద పెట్టి బయల్దేరా. వన్‌బై అంటే ముందు ఒక్క రింగుతోనే నడవడం, ఇంతే కదా అనుకున్నా. మట్టిరోడ్డు మొదలైన పది నిమిషాలకే చైన్ కింద వేలాడుతోంది. ఎక్కించా, మళ్ళీ ఊడింది. నాలుగోసారికి ఇంక ఎక్కించకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చా.

తర్వాత ఆ రింగుని పళ్ళ దగ్గర కాస్త శ్రద్ధగా చూస్తే విషయం అర్థమైంది. మూడు రింగుల సెట్‌లో ఉండే రింగుకి చైన్‌ని పట్టుకోవడం సగం పనే, మిగతా సగం అడగ్గానే వదిలెయ్యడం. అందుకే కొన్ని పళ్ళు పొట్టిగా కోసి ఉంటాయి, పక్కన చైన్ ఎక్కడానికి చిన్న చిన్న వాలులు, మేకుల్లాంటి పిన్నులు ఉంటాయి. ఇలా వదిలెయ్యడానికే పుట్టిన రింగు మీద చైన్ నిలబడాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి, ఆ కాపలా డిరైలర్ బోనుదే, రెండు పక్కలా రేకులతో కంచె వేసినట్టు నిలబడి ఉంటుంది. గేరు మార్చడం ఒక్కటే దాని పని అనుకుని నేను కంచె పీకేశా.

మరి వన్‌బై సైకిళ్ళలో కంచె లేకుండా ఎలా నడుస్తోందంటే, ఆ తెలివంతా పంటి మందంలో ఉంది. చైన్‌ని దగ్గరగా చూడండి, ఒక లింకు లోపలి రేకులది, దాని పక్కది బయటి రేకులది, ఇలా ఒకటి విడిచి ఒకటి. లోపలి రేకుల మధ్య సందు ఇరుకు, బయటి రేకుల మధ్య వెడల్పు. మామూలు రింగులో పళ్ళన్నీ ఒకే మందం, ఇరుకు సందులో పట్టాలి కాబట్టి అన్నీ సన్నగానే ఉంటాయి, వెడల్పు సందులోకి వచ్చేసరికి అటూ ఇటూ ఊగుతాయి. వన్‌బై కోసం చేసే నారో-వైడ్ రింగులో ఒక పన్ను సన్నం, పక్క పన్ను లావు, ఏ సందుకి ఆ పన్ను సరిపోతుంది, పక్కకి జరగడానికి చోటే ఉండదు. సైకిల్ భాగాలు చేసే స్రామ్ కంపెనీ వాళ్ళు 2012లో ఎక్స్ఎక్స్1 సెట్‌తో దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఇందులో నాకు భలే నచ్చిన ముక్క ఏంటంటే పళ్ళు సరిసంఖ్యలో ఉండాలి, 30, 32, 34 అలా. 31 అయితే ఒక చుట్టు తిరిగేసరికి లావు పన్ను ఇరుకు లింకు కిందకి వచ్చేస్తుంది. చైన్ ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తేడాగా పెట్టినా అంతే, చైన్ పైకి లేచి కూర్చుంటుంది.

రెండో సాయం వెనక డిరైలర్‌లో ఉండే క్లచ్. గతుకుల్లో కింది వైపు చైన్ ఊయలలా ఊగుతుంది, ఆ ఊపే పైకి పాకి చైన్‌ని పంటి మీంచి లేపుతుంది. డిరైలర్ చెయ్యి ముందుకి ఊగకుండా లోపల రాపిడితో బిగించి ఉంచేదే క్లచ్. ఫ్రేముకి చైన్ టపటపా కొట్టుకునే శబ్దం కూడా చాలా తగ్గుతుంది. షిమానో కంపెనీ నుంచి షాడో ప్లస్ పేరుతో ఇది 2011 ప్రాంతంలో వచ్చింది.

ఇంక అందరూ అడిగేది, 27 గేర్లు 9 అయిపోతే నష్టం కదా అని. నేనూ కాగితం మీద లెక్క వేశా. పళ్ళు ముందు రింగులకి 22, 32, 44, వెనక చక్రాలకి 11 నుంచి 34. ముందు 22 వెనక 17 పెట్టినా, ముందు 44 వెనక 34 పెట్టినా నిష్పత్తి ఒకటే, 1.29. 22కి 15, 44కి 30, ఇవీ అంతే. 22కి 13, 44కి 26, అవీ అంతే. మిగతావాటిలోనూ 32/11, 44/15 లాంటివి కాలికి తేడా తెలియనంత దగ్గర. దగ్గర దగ్గరవన్నీ కలిపేస్తే నాకు తేలినవి 14 మెట్లే. అంటే మిగతా 13 గేర్లకి స్టిక్కర్ విలువే.

ఆ 14లో, వెనక 11-42 క్యాసెట్ (11 నుంచి 42 పళ్ళ దాకా ఉండే చక్రాల గుత్తి), ముందు 32 పెడితే అందకుండా పోయేవి కింద రెండు, పైన రెండు. పైవి పోయినందుకు నాకేం బాధ లేదు, నిమిషానికి 90 సార్లు తొక్కితే 32/11లో గంటకి 32 కిలోమీటర్లు వస్తుంది, అంతకి మించి బీచ్ రోడ్డులో నేనెప్పుడూ తొక్కలేదు, దిగుడులో తొక్కడమే మానేస్తా. కిందవి పోవడం మాత్రం కైలాసగిరి ఎక్కేటప్పుడు మోకాళ్ళకి తెలిసింది. 22/34 అంటే 0.65, 32/42 అంటే 0.76, అంటే పెడల్ ఒక చుట్టుకి దాదాపు 18 శాతం ఎక్కువ దూరం లాగాలి. ఎండలో అది చిన్న సంగతి కాదండీ. అందుకే బరువున్నవాళ్ళకి, సామాన్లు కట్టుకుని ఘాట్లు ఎక్కేవాళ్ళకి మూడు రింగులే మేలని నా అభిప్రాయం, ఫ్యాషన్ కోసం మార్చుకోకండి.

బిగించేటప్పుడు ఇబ్బంది పెట్టేవి చిన్నవే. పెద్ద రింగు తీసేశాక పాత బోల్టులు పొడుగైపోతాయి, ఒక్క రింగుకి సరిపోయే పొట్టి బోల్టులు కావాలి. కొత్త రింగు మధ్య రింగు ఉన్న చోటే కూర్చోవాలి, అప్పుడే చైన్ వెనక రెండు చివరలకీ సమానంగా ఒంగుతుంది. చైన్ పొడవు కొలవాలంటే డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు రింగు, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రం చుట్టూ తిప్పి, కలిసిన చోటికి ఇంకో రెండు లింకులు కలుపుకోవాలి. వెనక సస్పెన్షన్ ఉన్న సైకిల్‌కి ఇంకొంచెం కావాలి.

డబ్బులు వృథా అయ్యేది డిరైలర్ దగ్గర. షిమానో 9 స్పీడ్ (వెనక 9 చక్రాల) షిఫ్టర్ ఒక క్లిక్‌కి లాగే కేబుల్‌కి, 10 స్పీడ్ మౌంటెన్ డిరైలర్ అడిగే కేబుల్‌కి పొంతన కుదరదు, క్లచ్ ఉంది కదా అని దాన్ని కొని పాత షిఫ్టర్‌కి తగిలిస్తే గేర్లు ఒక్కటీ సరిగ్గా పడవు. షిఫ్టర్, డిరైలర్, క్యాసెట్ మూడూ ఒకే జాతివి తీసుకోవాలి. నేను మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ వేశా, అది 9 స్పీడే, క్లచ్ ఉంది, 42 పళ్ళ దాకా వెళ్తుంది.

ఇదంతా రింగులు బోల్టులతో బిగించిన సైకిళ్ళ సంగతి. మన దగ్గర చవకగా దొరికే 21 గేర్ల సైకిళ్ళలో చాలావాటికి మూడు రింగులూ రివెట్లు కొట్టేసి ఉంటాయి, వెనక క్యాసెట్ బదులు మర తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అలాంటిదైతే క్రాంకు (పెడల్ చెయ్యి, రింగుల సెట్) మార్చాలి, 11-42 కావాలంటే వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు కూడా మార్చాలి, మొత్తం కలిపితే సైకిల్ ఖరీదుకి దగ్గరకొస్తుంది. మీది ఏ రకమో షాపుకి వెళ్ళక ముందే ఒకసారి కిందకి ఒంగి చూసుకోండి.