ముందు ముక్కు దించండి బిడ్డా

హన్మకొండ
మే నెల, ఆదివారం పొద్దున

బిడ్డలారా,

నిన్న ఫోన్‌లో పెద్దది అడిగిన మాట రాత్రంతా నా తలలో తిరుగుతూనే ఉంది. "తాతా, క్లైంబ్‌లో సిలిండర్ హెడ్ టెంపరేచర్ బాగా పైకి పోయింది, సార్ ముక్కు దించమన్నాడు, ఎందుకో చెప్పలేదు" అన్నావు కదా. ఫోన్‌లో హడావుడిగా చెప్పే సంగతి కాదిది, అందుకే రాస్తున్నాను. ఇంకా ఫ్లయింగ్‌లో చేరని చిన్నోడు కూడా చదవాలి. వాడి కోసం చెబుతున్నా, క్లైంబ్ అంటే విమానం పైకి ఎక్కడం, సిలిండర్ హెడ్ అంటే పెట్రోలు మండే సిలిండర్‌కు ఉండే పైమూత, సార్ అంటే విమానం నడపడం నేర్పే ఆయన.

మన బైక్ ఇంజన్ చుట్టూ పలచటి లోహపు రెక్కలు ఉంటాయి చూడండి, మీ సెస్నా విమానం ఇంజన్‌ది కూడా అదే పద్ధతి. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. ఎదురుగాలి, లోపల తిరిగే ఆయిల్, కొంతవరకు పెట్రోలు, ఈ మూడే దాన్ని చల్లబరిచేవి. చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బైక్ ఎట్లా కాలిపోతుందో మీకు తెలుసు. క్లైంబ్ అంతకన్నా కష్టం, ఎందుకంటే పవర్ మొత్తం వాడుతూ తక్కువ స్పీడ్‌లో పోతుంటారు, అంటే మంట ఎక్కువ, గాలి తక్కువ.

దీనికి తోడు మన ఎండ. మన వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలంనాటి రన్‌వే ఉంది కదా, రేపు అక్కడ విమానాలు మళ్లీ ఎగిరే రోజు వచ్చి మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో మీరు టేకాఫ్ అయ్యారనుకోండి. నేల దాదాపు 900 అడుగుల ఎత్తులోనే ఉన్నా గాలి పలచబడి, విమానానికి సుమారు 4,500 అడుగుల మీద ఉన్నట్టే ఉంటుంది. ఆ పలచటి వేడి గాలి సిలిండర్ వేడిని తక్కువగా మోసుకుపోతుంది, పైగా విమానం మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఆ కష్టం ఇంకా ఎక్కువసేపు సాగుతుంది.

అందుకే సార్ ముక్కు దించమన్నాడు. ముక్కు దించితే విమానం స్పీడ్ అందుకుంటుంది, ఒక పది నాట్లు (విమానాల స్పీడ్‌ను నాట్లలోనే కొలుస్తారు) పెరిగితే ఇంజన్ రెక్కల మధ్యకు గాలి జోరుగా వస్తుంది. మిక్చర్, అంటే గాలిలో కలిసే పెట్రోలు పాలు, రిచ్‌గా (ఎక్కువగా) ఉందో లేదో చూడండి, ఎక్కువ పెట్రోలు పడితే మంట నిదానంగా మండి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఇంజన్ మూతకు వేడిగాలి బయటికి పోయే తలుపులు, అంటే కౌల్ ఫ్లాప్స్, ఉన్న విమానమైతే తెరవండి. ఇవన్నీ చేసినా వేడి దిగకపోతే అప్పుడు పవర్ తగ్గించండి. ఒక్క సిలిండర్ వేడి మాత్రమే ఉన్నట్టుండి ఎగబాకితే మాత్రం వరుస చూసుకోవద్దు, వెంటనే థ్రాటిల్ తగ్గించి, మిక్చర్ రిచ్ చేసి, విమానం దింపే ఏర్పాటు చూడండి, లోపల డిటోనేషన్, అంటే పెట్రోలు నిదానంగా మండకుండా ఒక్కసారిగా పేలడం, మొదలై ఉండొచ్చు.

మీటర్ మీద దాటకూడని హద్దు చూపే ఎర్రగీత గురించి ఒక మాట. లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో చాలావాటికి అది 500 డిగ్రీల ఫారెన్‌హీట్. అక్కడిదాకా పోవచ్చు అనుకోకండి! సిలిండర్ హెడ్ అల్యూమినియం, వేడెక్కేకొద్దీ బలం కోల్పోతుంది. ఇంజన్ ఎక్కువకాలం మన్నాలంటే క్రూజ్‌లో, అంటే ఎక్కడం అయ్యాక సమంగా పోయేటప్పుడు, 400 లోపు ఉంచమని ఆ కంపెనీయే చెబుతుంది. నేనైతే 380 దాటుతుండగానే ముక్కు సంగతి ఆలోచించమంటాను. ఇంకోటి, పాత విమానాల్లో ఒకే సిలిండర్‌కు ప్రోబ్ (వేడి కొలిచే ముక్క) ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. మీటర్ బాగానే చూపిస్తున్నా పక్క సిలిండర్ కాలిపోతూ ఉండొచ్చు.

నేను హ్యాంగర్‌లో పని చేసే రోజుల్లో ఒక విమానానికి వెనక ఎడమవైపు సిలిండర్ ఎప్పుడూ మిగతావాటికన్నా వేడిగా ఉండేది. ప్రోబ్ మార్చారు, మీటర్ మార్చారు, ఇంజెక్టర్ కడిగారు, ఏమీ మారలేదు. నేను కౌలింగ్, అంటే ఇంజన్‌ను కప్పే డొప్ప, పైమూత తీసి బోర్లించి టార్చ్ వేసి చూశాను. గాలిని సిలిండర్ల వైపు మళ్లించే రేకు, అంటే బాఫిల్, చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మూతకు రాసుకుని నల్లటి గీత పడుతుంది కదా, ఆ మూల జానెడు మేర గీతే లేదు. కిందికి వంగి చూస్తే పట్టీ మూడు వేళ్ల వెడల్పున వెనక్కి మడతపడి ఉంది. ముందునుంచి వచ్చిన గాలి ఇంజన్ పైన నిండి, రెక్కల మధ్యగా కిందికి దిగాలి. ఆ సందు దొరికాక రెక్కల్లోకి ఎందుకు పోతుంది? కూలర్ గడ్డికి చిల్లు పడితే గాలంతా ఆ చిల్లులోంచే వచ్చి ఇల్లు ఉక్కపోసినట్టే అనుకోండి. పట్టీని లోపలికి తిప్పి, గాలి ఒత్తిడికి అదే మూతకు అతుక్కునేలా సరిచేశాం, అంతే. మర్నాడు క్లైంబ్‌లో ఆ సిలిండర్ మిగతావాటితో కలిసింది. ఆ నల్ల గీత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మీరు మెకానిక్‌లు కాకపోయినా ఎగిరే ముందు చేసే తనిఖీలో, అంటే ప్రీఫ్లైట్‌లో, కౌలింగ్ ముందు రంధ్రాల్లోంచి టార్చ్ వేసి చూడండి. పిట్టగూడు ఉందా, పట్టీ చిరిగిందా కనిపిస్తుంది. రన్-అప్ (టేకాఫ్‌కు ముందు నేల మీద ఇంజన్ పరీక్ష) చేసేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, ఎండలో ఊరికే ఇంజన్ తిప్పుతూ నిలబడొద్దు.

పెద్దదానా, ఈసారి క్లైంబ్‌లో వెయ్యి అడుగులకు ఒకసారి స్పీడ్, నాలుగు సిలిండర్ల అంకెలు, బయటి వేడి గుర్తుపెట్టుకో, దిగాక కాగితం మీద రాసి ఫోటో పంపు. నువ్వు విమానం నడిపే పనిలో ఉంటావు కాబట్టి అంకెలు పక్క సీట్లో సార్‌ను చూడమను.

మీ తాత